కొరియా లిపియు వాగ్ధ్వనులును

(సాంస్కృతిక సమితి సభలో గావించిన ప్రసంగము)

లిపులకు సాధారణముగా జన్మపత్రికలు దొరకవు. తెలుగు లిపి బ్రాహ్మీ లిపినుండి అనేక శతాబ్దముల కాలమున రాతిమీదను, రాగిరేకులమీదను, తాటియాకులమీదను క్రమక్రమముగా రూపము మార్చుకొనుచు వచ్చినది. ఈ యక్షరమునకు ఈ వంపు నిచ్చినవా డెవడో చెప్పగలవారు లేరు. నాగరి, అరబ్బీ, రోమను లిపుల సంగతియు నట్టిదే. కొరియా దేశపు లిపి మాత్రము వీనికి భిన్నము. దానిని కల్పించినవాని పేరు తెలియును. కల్పించిన సంవత్సరము తెలియును. ఏల కల్పించెనో తెలియును. ఒక్కొక్క యక్షరమునకు ఆ యాకారమే యేల వచ్చెనో వివరించు గ్రంథము నేటికిని నిలిచియున్నది. నోటిమాటకును చేతివ్రాతకును గల సంబంధ మెట్టిదను ప్రశ్నను పరిశీలింప గోరువారికి ఇంతకంటె అనువైన ఉదాహరణము దొరకుట కష్టము.

15వ శతాబ్దారంభమున కొరియాను చొసొన్ వంశపు రాజులు పాలించుచుండిరి. ఆ దేశమున విద్య యనగా చీనా విద్యయే. శాసనములు, చరిత్రలు, పరీక్షలు, కార్యాలయముల వ్రాతలు అన్నియు చీనా భాషలోనే సాగెడివి. కాని కొరియను భాషకు చీనా భాషతో చుట్టరికము లేదు. చీనా వాక్యమున క్రియ కర్మమునకు ముందు వచ్చును, పదమునకు తోకలుండవు. కొరియను వాక్యమున, తెలుగునందువలెనే, కర్త, కర్మ, చివర క్రియ వరుసగా వచ్చును. నామములకు విభక్తి ప్రత్యయములును, క్రియలకు కాలమును మర్యాదను తెలుపు ప్రత్యయములును చేరును. ఇట్టి భాషను చీనా గుర్తులతో వ్రాయుటకు ‘ఇదు’ అను పద్ధతిని పూర్వులు కల్పించుకొనిరి. అందు కొన్ని గుర్తులను అర్థమునకును, కొన్నింటిని శబ్దమునకును వాడెడివారు. అది గుమాస్తాలకు మాత్రమే పట్టుబడు విద్య. వేలకొలది గుర్తులు నేర్చు తీరిక లేని రైతునకు, చేతిపనివానికి, ఇంటి యిల్లాలికి వ్రాత యనునది అందని పండు. తనపై వచ్చిన అభియోగ మేమో చదువుకొనలేనివాడు న్యాయస్థానమున దానికి బదులెట్లు చెప్పగలడు?

ఆ వంశమున నాలుగవ రాజు సెజోంగ్. ఆయన 1418 నుండి 1450 వరకు రాజ్యము చేసెను. స్వయముగా గొప్ప చదువరి. 1443వ సంవత్సరాంతమున ఆయన 28 అక్షరములను కల్పించెను. 1446లో వానిని ప్రజలకు ప్రకటించెను. ఆ లిపికి ‘హున్మిన్ జొంగుమ్’ అని పేరు. ప్రజలకు బోధించుటకు తగిన సరియైన ధ్వనులని దాని యర్థము. పీఠికలో రాజు చెప్పిన కారణము మిక్కిలి చిన్నది: దేశభాషకును చీనా భాషకును పొందిక లేదు; సామాన్యులు చెప్పదలచినది చెప్పుకొనలేకపోవుచున్నారు; అది చూచి జాలిగొని, అందఱును సులభముగా నేర్చి దినదినము వాడుకొనుటకు ఈ యక్షరములు చేయబడినవి. రాజ్యవిస్తృతినిగాని కీర్తినిగాని ఆయన అందు ప్రస్తావింపలేదు.

ఈ పని అందఱకును రుచింపలేదు. రాజు నెలకొల్పిన పండిత మందిరములోనే ఉన్నతపదవి యందున్న చ్వే మల్లియు, మఱికొందఱును 1444లో వ్యతిరేకముగా విజ్ఞాపన మర్పించిరి. మంగోలులు, జపానీయులు, టిబెట్టువారు మొదలగు అనాగరక జాతులకే సొంత లిపులు కలవనియు, చీనా నాగరకతను విడిచి ఆ వరుసలో చేరుట దేశమునకు తలవంపు లనియు వారి వాదము. సులభమైన లిపితో ఉద్యోగము దొరకినచో కష్టపడి శాస్త్రములు చదువువారెవరని కూడ వారు ప్రశ్నించిరి. రాజు వారికి బదులు చెప్పెను; తన పని మానలేదు.

ఇంక లిపి నిర్మాణమును చూతము. అక్షరములు 28లో 17 హల్లులు, 11 అచ్చులు. హల్లులకు మూలములు అయిదు. ‘క’ను పలుకునప్పుడు నాలుక మొదలు పైకి లేచి గొంతు వెనుకభాగమును మూయును. ఆ నాలుకను ప్రక్కనుండి చూచినట్లు ఒక గీత కుడికి సాగి క్రిందికి వంగును, అదియే ‘క’. ‘న’ను పలుకునప్పుడు నాలుక కొన పైపండ్ల వెనుక నానును; ఒక గీత క్రిందికి దిగి కుడికి తిరిగిన కోణము ‘న’. మూసిన నోటికి గుర్తు చతురస్రము, అది ‘మ’. రెండు వాలుగీతలు శిఖరమున కలిసిన రూపము దంతమునకు గుర్తు, అది ‘స’. సున్న గొంతు రంధ్రమునకు గుర్తు. సభలోనివారు ‘క’యు ‘న’యు మెల్లగా పలికి నాలుక ఎక్కడ నున్నదో గమనించినచో ఈ చిత్రములు ఊహలు కావని తెలియును.

తక్కిన హల్లులు వీనికి గీతలు చేర్చుటచే ఏర్పడినవి. ధ్వని బలపడిన కొలది గీత పెరుగును. ‘న’పై నొక గీత చేర్చిన ‘త’, ఇంకొకటి చేర్చిన ‘థ’. ‘మ’కు గీతలు చేర్చిన ‘ప’, ఇంకను చేర్చిన ‘ఫ’. ‘క’లో నొక గీత చేర్చిన ‘ఖ’. ‘స’నుండి ‘చ’, ‘చ’నుండి ‘ఛ’. సున్నపై గీతలు చేర్చిన ‘హ’. తెలుగులోను ‘ప’కు ఒత్తు చేర్చిన ‘ఫ’యు, ‘చ’కు చేర్చిన ‘ఛ’యు, ‘ద’కు చేర్చిన ‘ధ’యు కలవు. ఇక్కడ ఆ యొత్తు మహాప్రాణమునకు గుర్తు. కాని ‘క’నుండి ‘ఖ’గాని, ‘త’నుండి ‘థ’గాని ఆ విధముగా పుట్టలేదు, ‘త’, ‘ద’, ‘న’లు ఒక్క చోటనే పుట్టు ధ్వనులని వాని ఆకారములు చెప్పవు. కొరియా లిపిలో ఒక్క స్థానమున పుట్టినవి ఒక్క పోలికతో నుండును. అనగా ఆ లిపిలో అక్షరమేకాక, అక్షరములోని గీత కూడ ధ్వని విషయమును చెప్పుచున్నది. 1985లో ఆంగ్ల భాషాశాస్త్రవేత్త జెఫ్రీ సాంప్సన్ ఈ కారణముచేతనే దీనిని ధ్వనిలక్షణములను చూపు ప్రత్యేకవర్గపు లిపిగా లెక్కించెను.

ఈ వివరణము పండితుల ఊహ కాదు. జొంగ్ ఇంజి మొదలగు ఎనమండుగురు పండితులు రాజాజ్ఞచే 1446లో వ్రాసిన వ్యాఖ్యాన గ్రంథమున ఇది యంతయు కలదు. ఆ గ్రంథము చాలకాలము కానరాకపోయెను. అందుచేత అక్షరములు ఇంటి కిటికీల చట్రములను చూచి చేసినవని కొందఱును, ఇతర లిపులనుండి తెచ్చినవని కొందఱును వాదించుచుండిరి. 1940లో అందొంగ్ ప్రాంతమున ఒక ప్రతి బయటపడినది. కళాఖండములను సేకరించుచుండిన చొన్ హ్యొంగ్‌పిల్ దానిని కొని, జపాను పాలన ముగియువరకు గుప్తముగా దాచెను. ఆ ప్రతిని 1997లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది.

అచ్చుల నిర్మాణము వేరు. అందు నోటి చిత్రములు లేవు. మూడు గుర్తులు మాత్రమే మూలములు. గుండ్రని చుక్క ఆకాశము, అడ్డగీత భూమి, నిలువుగీత మానవుడు. అడ్డగీతకు పైన చుక్క పెట్టిన ‘ఒ’, క్రింద పెట్టిన ‘ఉ’. నిలువుగీతకు కుడిప్రక్క పెట్టిన ‘అ’, ఎడమప్రక్క పెట్టిన ఇంచుమించు ‘ఒ’కును ‘అ’కును నడిమి ధ్వని. చుక్కను రెండు చేసినచో ముందు యకారము చేరి ‘యొ’, ‘యు’, ‘య’ మొదలగునవి వచ్చును. కాలక్రమమున చుక్క చిన్నగీతగా మారినది. పైనను కుడివైపునను చుక్క గలవి వెలుగు అచ్చులు. క్రిందను ఎడమవైపునను గలవి చీకటి అచ్చులు. ఈ విభాగము తత్త్వశాస్త్రమువలె కనబడినను భాషలో నిజముగా నున్నదే. కొరియను పదములలో వెలుగు అచ్చు వెలుగు అచ్చుతోను, చీకటి అచ్చు చీకటి అచ్చుతోను స్నేహము చేయును. చిన్న వస్తువు తళుక్కుమన్నచో ‘పన్‌చక్’ అనియు, పెద్ద వెలుగు మెఱసినచో అచ్చులను చీకటివానిగా మార్చి ‘పొన్‌చొక్’ అనియు అందురు. పదములోని అచ్చులు ఒకదాని నొకటి తనవైపు లాగుకొనుట తెలుగువారికిని క్రొత్త కాదు. ‘పులి’కి బహువచనము ‘పులులు’ అగునేగాని ‘పులిలు’ కాదు. వాడుకలో ‘నదికి’ అనియు ‘చెరువుకు’ అనియు అందురు.

అక్షరములు వేర్వేఱుగానున్నను వానిని రోమను లిపివలె వరుసగా పేర్చరు. ఒక్కొక్క ఉచ్చారణ ఖండమును ఒక్కొక్క చతురస్రముగా కూర్తురు. ‘ముల్’ అనగా నీరు. పైన ‘మ’, దాని క్రింద ‘ఉ’, అడుగున ‘ల’. ‘కంగ్’ అనగా నది. ఎడమ ‘క’, కుడి ‘అ’, అడుగున సున్న. ఈ సున్న ఖండాంతమున అనునాసికముగా పలుకును. ఖండాదిని మాత్రము మౌనముగానుండి, అచ్చుతో మొదలగు ఖండమునకు హల్లు చోటు నింపును. ఆధునిక లిపిలో ఆదిని వచ్చునవి 19, నడుమ వచ్చు అచ్చులు 21, అంతమున వచ్చునవి ఏమియు లేకుండుటతో కలిపి 28. వీనిని గుణించినచో 11,172 చతురస్రము లగును. కాని నేర్వవలసిన మూలాక్షరములు 14 హల్లులు, 10 అచ్చులు మాత్రమే.

ఇక్కడ తెలుగు లిపితో నొక ముఖ్యభేదము కలదు. ‘భక్తి’ అను పదమును తెలుగువారు ‘భ’, ‘క్తి’ అని రెండు భాగములుగా వ్రాయుదురు. పలుకునప్పుడు ‘భక్’, ‘తి’ అని విడిపోవును. ఛందస్సున ‘భ’ గురువగుటకు కారణ మదియే; కంటికి తరువాతి అక్షరమున నున్న కకారము చెవికి ముందరి అక్షరమును మూయుచున్నది. కొరియా లిపి ఆ కకారమును చెవి పెట్టినచోటనే పెట్టును. రెండును లోపములేని పద్ధతులే; ఒకటి అచ్చు వచ్చువరకు హల్లులను ప్రోగుచేయును, రెండవది శ్వాస ఆగినచోట గీటు గీయును.

ఇంతవఱకు విన్నవారికి కొరియా లిపి పలికినది పలికినట్లు వ్రాయుననిపింపవచ్చును. అది పూర్తిగా నిజము కాదు. మాంసమునకు కొరియను మాట ‘కొగి’. మొదట ‘క’, పిదప ‘గ’ వినబడును. కొరియనులు రెండుచోట్లను ఒకే అక్షరమును వ్రాయుదురు. ఏలన, అచ్చుల నడుమ ‘క’ తనంతట ‘గ’ యగును. ఆ భేదముచే అర్థము మారదు. కావున దానికి వేరు గుర్తు అక్కఱలేదు. తమిళములో ఇట్టి యేర్పాటే యున్నదని తమిళుల పొరుగున నివసించిన తెలుగువారు ఎఱుగుదురు. చాలకాలము రోమను లిపిలో పకారముతో వ్రాయబడిన ‘పుసాన్’ రేవుపట్టణము 2000లో వచ్చిన నూతన పద్ధతిలో బకారముతో ‘బుసాన్’ ఐనదికూడ ఇందుచేతనే. పట్టణము పేరు మారలేదు. విదేశీయుల చెవికి రెండు విధములుగా తోచు ధ్వని కొరియనుల మనస్సులో ఒక్కటియే. దీనికి ప్రతిగా తెలుగు చెవి పట్టలేని భేదములు వారికి ప్రాణము వంటివి. సామాన్యముగా పలికిన ‘తల్’ చంద్రుడు. ఊపిరి విడిచి పలికిన ‘థల్’ ముఖమునకు తొడుగు మాయమొగము. గొంతు బిగించి పలికిన ‘త్తల్’ కూతురు. మూటికిని మూడు గుర్తులు కలవు. కనుక మంచి లిపి వినబడు ప్రతి ధ్వనిని వ్రాయదు. ఏ భేదము అర్థమును మార్చునో ఆ భేదమును వ్రాయును.

ఇంతకంటె కష్టమైన ప్రశ్న యొకటి కలదు. పువ్వునకు కొరియను పదము తానొక్కటియే యున్నప్పుడు ‘క్కొత్’ అని పలుకును. కర్తృప్రత్యయమైన ‘ఇ’ చేరినచో ‘క్కొఛి’ యగును. ‘మాత్రమే’ అను నర్థముగల ‘మన్’ చేరినచో ‘క్కొన్‌మన్’ యగును. ఒక పువ్వునకు మూడు రూపములు! పలికినట్లు వ్రాయవలెనన్నచో మూడు విధములుగా వ్రాయవలెను. అట్లు వ్రాసిన నేర్చువాని చేతికి సులభము. కాని చదువువాని కంటికి పువ్వు ప్రతి వాక్యమునందును వేషము మార్చును. ఎల్లప్పుడు ఛకారాంతముగానే వ్రాసిన కన్ను వెంటనే గుర్తుపట్టును. నాలుక తన సంధిని తానే చేసికొనును.

సంస్కృత సంధులు నేర్చినవారికి ఇది చిరపరిచితము. ‘వాక్’, ‘మయము’ కలిసి ‘వాఙ్మయము’. ‘జగత్’, ‘నాథుడు’ కలిసి ‘జగన్నాథుడు’. ‘ఉత్’, ‘లాసము’ కలిసి ‘ఉల్లాసము’. కొరియను నోటిలోను అట్టి సంధులే జరుగును. ప్రాచీన రాజ్యమగు ‘సిల్లా’ పేరు వ్రాతలో ‘సిన్-రా’. పైని చెప్పిన ‘చ్వే మల్లి’ వ్రాతలో ‘మన్-రి’. భారతీయులు సంధి జరిగిన పిదప రూపమును వ్రాసిరి. ఆధునిక కొరియనులు సంధికి ముందరి రూపమును వ్రాయుదురు. తెలుగువారు తమ లిపి పలికినట్లు వ్రాయునదే యని గర్వింతురు గాని, ‘బ్రహ్మ’ అని వ్రాసి ‘బ్రమ్హ’ యనియు, ‘చిహ్నము’ అని వ్రాసి ‘చిన్హము’ అనియు పలుకువారే యెక్కువ. వ్రాత పదము మూలమును నిలుపుకొన్నది. నోరు తన దారిన పోయినది.

ఈ వివాదము లిపితోనే పుట్టినది. 1446 నాటి వ్యాఖ్యానము ఖండాంతమున ఎనిమిది అక్షరములు చాలునని, అనగా పలికినట్లే వ్రాయవచ్చునని, నేరేడు జాతికి దూరమైన బేరిపండు చెట్టు పువ్వునే ఉదాహరణముగా చూపినది. కాని అదే కాలమున వెలువడిన రాజవంశ స్తోత్ర కావ్యమునను, సెజోంగ్ తానే రచించిన బుద్ధస్తుతి గీతములందును ‘పువ్వు’ మూలరూపముననే వ్రాయబడినది. తరువాతి శతాబ్దములలో వ్రాత పలుకుబడిని అనుసరించి పలు త్రోవలు త్రొక్కినది. పండితులు ఈ లిపిని చిన్నచూపు చూచిరి. 1504లో యొన్సన్ అను రాజు తన్ను నిందించు గోడపత్రములు ఈ లిపిలో వెలువడగా దానిని నేర్పుట నిషేధించెను. అయినను స్త్రీల లేఖలలోను, కథలలోను, బౌద్ధ గ్రంథముల అనువాదములలోను అది బ్రతికినది. 1894లో ప్రభుత్వ పత్రములకు అంగీకృతమైనది. 1896లో వెలువడిన ‘స్వాతంత్ర్య పత్రిక’ ఈ లిపిలోనే, పదములను విడదీసి, అచ్చుపడినది.

ఆ పత్రికలో పనిచేసిన చు శీగ్యొంగ్ (1876–1914) పదముల మూలరూపములనే వ్రాయవలెనని బోధించెను. ‘హంగుల్’ అను నేటి పేరు ఆయనదే యని పలువురు చెప్పుదురు. 1910లో దేశము జపాను వశమైనది. ఆయన శిష్యులు కొరియను భాషా సంఘముగా నేర్పడి, 1933లో వర్ణక్రమ నియమములను ప్రకటించిరి. ధ్వని ననుసరించి వ్రాయవలెను గాని వ్యాకరణమునకు పొందియుండవలెనని వాని మూలసూత్రము. వారు మహానిఘంటువును కూడ తలపెట్టిరి. 1942లో జపాను ప్రభుత్వము సంఘ సభ్యులను నిర్బంధించినది. ఇరువురు చెఱసాలలోనే మరణించిరి. నిఘంటువు వ్రాతప్రతి సాక్ష్యముగా పట్టుబడి పోయినది. స్వాతంత్ర్యానంతరము 1945లో అది సియోల్ రైలుస్టేషను గిడ్డంగిలో దొరకినది. 1947 నుండి 1957 వరకు ఆఱు సంపుటములుగా అచ్చయినది. పువ్వును ఛకారముతో వ్రాయవలెనా తకారముతో వ్రాయవలెనా యను ప్రశ్న వెనుక ఇంత త్యాగము కలదు.

కథ అంతటితో ముగియలేదు. దక్షిణ కొరియా ప్రథమాధ్యక్షుడు సింగ్‌మన్ రీ, 1933 నాటి నియమములు కష్టముగా నున్నవనియు, పాత కాలమున పలికినట్లు వ్రాసిన పద్ధతియే మేలనియు, 1953లో ప్రభుత్వమును ఆ త్రోవకు మళ్లించెను. ఉపాధ్యాయులు, పండితులు, పత్రికలు గట్టిగా ఎదిరించినవి. 1955లో ఆయన తన ప్రయత్నము విరమించుకొనవలసివచ్చెను. ఒక రాజు ప్రజలకు అక్షరము లిచ్చెను. అయిదు వందల యేండ్ల పిదప ఆ ప్రజలు, వానిని ఎట్లు వ్రాసికొనవలెనో తామే నిర్ణయించుకొనిరి. నేటికిని ఉత్తర దక్షిణములకు చిన్న భేదములున్నవి. ఒకే యింటిపేరును ఉత్తరమున ‘రి’ అనియు, దక్షిణమున ‘ఇ’ అనియు వ్రాయుదురు.

భారతదేశమునకు ఈ చరిత్రతో సంబంధము లేకపోలేదు. పూర్వకాలముననే సొంగ్ హ్యొన్ అను పండితుడు కొరియా అక్షరముల ఆకారములు సంస్కృత లిపిని అనుసరించినవని వ్రాసెను. ఆకారముల విషయమున ఆ మాటను నేడు అంగీకరించువారు తక్కువ. కుబ్లయిఖాను కొఱకు టిబెట్టు భిక్షువు ఫగ్స్‌పా 1269లో రూపొందించిన లిపినుండి కొన్ని అక్షరములు వచ్చియుండవచ్చునని గారీ లెడ్యార్డ్ అను అమెరికను విద్వాంసుడు వాదించెను. ఆ లిపికి మాతృక టిబెట్టు లిపి, దానికి మాతృక బ్రాహ్మి. అది యట్లుండనిండు. హల్లులను పుట్టు స్థానములనుబట్టి వర్గములుగా విభజించుట మాత్రము భారతీయ శిక్షాశాస్త్రపు సొత్తు. ఆ జ్ఞానము బౌద్ధభిక్షువుల వెంట చీనా చేరి, అక్కడి ధ్వని పట్టికలకు దారిచూపినది. సెజోంగ్ ఆ పట్టికలను చక్కగా చదివినవాడు. దవడపన్ను, నాలుక, పెదవి, దంతము, గొంతు అను ఆయన వరుసలో కవర్గ, తవర్గ, పవర్గముల ఛాయ కనబడును. భారతీయులు ఆ విభాగమును వర్ణమాల వరుసలో నిలిపిరి. సెజోంగ్ దానిని అక్షరముల ముఖముననే వ్రాసెను.

దక్షిణ కొరియాలో అక్టోబరు 9 లిపి దినోత్సవము. 1991లో సెలవుదినముల పట్టికనుండి తొలగింపబడి, ప్రజల కోరికపై 2013లో మరల సెలవుగా చేయబడినది. ఉత్తర కొరియాలో జనవరి 15న జరుపుదురు. నిరక్షరాస్యతా నిర్మూలనమునకు యునెస్కో 1989లో నెలకొల్పిన బహుమానము సెజోంగ్ పేరిటనే యున్నది. తెలుగువారికిని ఆగస్టు 29 కలదు. అది గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు. వ్యావహారిక భాషకై పోరాడిన ఆ మహనీయుడే, వ్రాత లేని సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చెను. నోరుండియు వ్రాయలేని జనులపై జాలి రాజునకే కాదు, బడిపంతులునకును కలుగవచ్చును.

తెలుగు నాటికి దూరముగా ఉద్యోగములు చేయుచున్న కుటుంబములలో పిల్లలకు అక్షరాభ్యాసము ఇంటనే జరుగవలసి యున్నది. ఆ పిల్లలు ‘క, ఖ, గ, ఘ, ఙ’లను వట్టి చిలుకపలుకులుగా వల్లించి విసుగుచెందుదురు. ఆ వరుస గొంతునుండి మొదలై, తాలువు, మూర్ధము, దంతములు దాటి, పెదవులయొద్ద ‘మ’తో ముగియు ప్రయాణమని చెప్పి, అద్దము చేతికిచ్చి పలికించినచో, అయిదవ యేటి బిడ్డకును వర్ణమాల యందు ఆసక్తి కలుగును. కొరియా పిల్లలకు ఆ పాఠము అక్షరపు గీతలోనే దొరకును. తెలుగు పిల్లలకు దానిని తల్లిదండ్రులు నోటితో చెప్పవలెను.